కొయ్య కూర్పు

'వడ్రంగి' అన్న మాట సంస్కృతంలోని 'వర్ధకి' శబ్దం నుంచి వచ్చింది. ఆ శబ్దానికి మూలమైన ధాతువుకు ధాతుపాఠం రెండర్థాలు చెప్పింది. ఒకటి ఛేదించడం, రెండవది పూరించడం. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కోసేది ఒక పని, నింపేది మరొక పని. కాని, కొయ్యతో ఇల్లు కట్టేవాని చేతిలో ఈ రెండూ ఒక్కటే. అతడు ఒక దుంగలో గుంట తొలుస్తాడు. మరొక దుంగ కొసను ఆ గుంటకు సరిపోయేటట్లు చెక్కుతాడు. రెండింటినీ కలిపి నడుమ వెలితి లేకుండా పూరిస్తాడు. తొలిచిన గుంటను బెజ్జమనీ, అందులో ఒదిగే కొసను కుసి అనీ మన వడ్రంగులు వ్యవహరిస్తారు. ఈ కుసికీ బెజ్జానికీ కుదిరిన పొత్తు మీదనే వేల సంవత్సరాలుగా మానవుని ఇల్లు, బండి, పడవ, రథం, దేవాలయ మండపం నిలిచి ఉన్నవి.

అమరకోశం వడ్రంగికి తక్ష, వర్ధకి, త్వష్ట, రథకారుడు మొదలైన పేర్లు చెప్పింది. వీటిలో త్వష్ట అన్నది వేదంలో దేవశిల్పికి ఉన్న పేరు. సూర్యునికి వాడిన పేరును దీపానికి కూడ వాడినట్లు, దేవశిల్పి పేరునే ఊరి వడ్రంగికి కూడ వాడిన సంస్కృతి మనది. అటువంటి గౌరవం పొందిన విద్య నేడు మన కళ్లముందే క్షీణిస్తున్నది. దీనిని కాలధర్మమని సరిపెట్టుకోవాలా, లేక నిలుపుకోవలసిన విద్యగా భావించాలా అన్నది ఈనాడు మనం ఆలోచించవలసిన ప్రశ్న. నిలుపుకోవలసినదే అని నా అభిప్రాయం. అయితే, నిలుపుకోవడమంటే పాత స్తంభాలను తెచ్చి ప్రదర్శనశాలలో పెట్టడం కాదు. ఈ విద్య కొయ్యలో లేదు, చేతిలో ఉన్నది. చేతికి పని ఉన్నంతకాలమే అది బ్రతుకుతుంది. ఈ మాటను సమర్థించడానికి ముందు ఆ విద్య ఎటువంటిదో కొంత తెలుసుకోవాలి.

కొయ్య నిర్జీవమైన వస్తువు కాదు. చెట్టును నరికిన తరువాత కూడ దానికి కదలిక ఉంటుంది. వానకాలంలో తేమను పీల్చుకొని ఉబ్బుతుంది. ఎండకాలంలో ఆరి ముడుచుకొంటుంది. ఈ మార్పు పొడవు దిశలో దాదాపు లేదనే చెప్పాలి. అడ్డంగా మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఇనుప మేకుకు ఈ గుణం లేదు. ఉబ్బి ముడిగే కొయ్యలో ఉబ్బని ముడగని మేకును దించితే, కొన్నేళ్లకు దాని చుట్టూ సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి తేమ చేరుతుంది. మేకు తుప్పు పడుతుంది, కొయ్య చీకుతుంది. కుసి, బెజ్జం రెండూ కొయ్యవే కావడం వల్ల అవి కలిసి ఉబ్బుతాయి, కలిసి ముడుగుతాయి. కష్టసుఖాలను కలిసి అనుభవించే బంధువుల వలె అవి ఒకదానిని ఒకటి వదలవు.

కుసి బెజ్జంలోకి దిగిన తరువాత అది జారిపోకుండా అడ్డంగా రంధ్రం వేసి, గట్టి కొయ్యతో చేసిన సీలను దిగగొడతారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. కుసిలోని రంధ్రాన్ని బెజ్జంలోని రంధ్రానికి సరిగా ఎదురుగా వేయరు. వెంట్రుకవాసి లోపలికి జరిపి వేస్తారు. అందువల్ల సీల దిగుతున్నకొద్దీ ఆ రెండు దుంగలనూ దగ్గరకు లాగి బిగిస్తుంది. ఆ వెంట్రుకవాసి ఎక్కువైతే సీల విరుగుతుంది. తక్కువైతే కూర్పు వదులవుతుంది. ఎంత జరపాలన్నది ఆ కొయ్య జాతిని బట్టి, ఆరిన తీరును బట్టి, వడ్రంగి అనుభవాన్ని బట్టి ఉంటుంది. దీనిని పుస్తకంలో వ్రాయవచ్చు. కాని, పుస్తకం చదివి చేయలేము. ఈ ఒక్క సూక్ష్మమే ఆ విద్య స్వభావాన్ని తెలుపుతున్నది.

ఇటువంటి కూర్పుకు మరొక గొప్ప గుణం ఉన్నది. అది విప్పడానికి వీలైన కూర్పు. ఒక స్తంభం పాదం చీకితే స్తంభమంతా తీసివేయనవసరం లేదు. చీకిన మేరకు కోసి, మిగిలిన భాగానికి కొత్త కొయ్యను అతికి మళ్లీ నిలపవచ్చు. అవసరమైతే ఇల్లంతా విప్పి, పనికిరాని దుంగలు మార్చి, తిరిగి కూర్చవచ్చు. కాంక్రీటు కట్టడానికి ఈ అవకాశం లేదు. అది నిలిచినంతకాలం నిలుస్తుంది. కూలిన తరువాత రాళ్లకుప్పగా మిగులుతుంది.

మన తెలుగునేల మీద ఈ విద్యకు చక్కని ఉదాహరణ మండువా లోగిలి. ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీస్థలం, దాని చుట్టూ నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, ఆ కప్పును మోసే కొయ్యస్తంభాలు దాని ప్రధాన లక్షణాలు. గోదావరి, కృష్ణా తీరాలలో ఇటువంటి ఇండ్లు విరివిగా ఉండేవి. స్తంభాన్ని నేలలో పాతక రాతి దిమ్మ మీద నిలపడం, నేలతేమ కొయ్యలోకి ఎక్కకుండా చేసిన ఉపాయం. స్తంభం మీద దూలం, దూలం మీద వాసాలు, వాసాల మీద పెంకులు - ఇలా బరువు ఒకదాని మీదుగా మరొకదానికి దిగి చివరకు రాతికి చేరుతుంది. భద్రాచలం అడవులలోని టేకుదుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలో దిగువకు తేవడం ఒకప్పుడు పెద్ద వ్యాపారం. నది, అడవి, వడ్రంగి కలిసి కట్టిన ఇండ్లవి. వాటి గుమ్మాల మీది లతలను చూసి ముచ్చటపడినంతగా, వాటిని నిలబెట్టిన కూర్పును మనం గమనించలేదు. అలంకారం కంటికి కనిపిస్తుంది. కూర్పు లోపల దాగి ఉంటుంది. అది దాగి ఉండడమే ఆ పనితనానికి గుర్తు.

నేడు ఆ లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నవి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయినవి. వారసులు నగరాలకో విదేశాలకో తరలిపోయినారు. నడిమి స్థలం పంచుకోవడానికి వీలుకాని స్థలం కావడం వల్ల ఇల్లు పడగొట్టి నేలను పంచుకోవడం వారికి సులువైనది. వారిని నిందించి ప్రయోజనం లేదు. పడగొట్టిన ఇంటి స్తంభాలు, ద్వారబంధాలు మంచి ధరకు అమ్ముడుపోతున్నవి. అవి హోటళ్లలో, విహారగృహాలలో అలంకారంగా నిలుస్తున్నవి. బరువు మోయవలసిన స్తంభం బరువు లేని చోట ఊరక నిలబడి ఉన్నది. దాని తల మీద కుసి ఉన్నది. అది ఒదగవలసిన బెజ్జం ఏ కట్టెల అడితిలోనో ముక్కలైపోయి ఉంటుంది. వస్తువు మిగిలి విద్య నశించడమంటే ఇదే.

ఈ విద్యను ఇతరులు ఏ విధంగా నిలుపుకొన్నారో చూస్తే మనకు దారి తెలుస్తుంది. జపాన్ దేశంలో నారా సమీపాన హోర్యూజి అనే బౌద్ధాలయం ఉన్నది. ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్న కొయ్యకట్టడాలలో అత్యంత ప్రాచీనమైనవి అక్కడ ఉన్నవి. సుమారు 32 మీటర్ల ఎత్తున్న అయిదంతస్తుల పగోడా పదమూడు శతాబ్దాలుగా భూకంపాలను తట్టుకొని నిలిచింది. దాని నడిమి స్తంభానికి వాడిన చెట్టును క్రీ.శ. 594లో నరికినట్లు కొయ్యలోని వలయాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు తేల్చినారు. అయితే, ఆ కట్టడం తనంతట తాను నిలవలేదు. కాలానుగుణంగా దానిని విప్పి, చీకిన కొయ్యలను మార్చి, మళ్లీ కూర్చే వడ్రంగులు తరతరాలుగా ఉండడం వల్లనే అది నిలిచింది. 1934లో ఆరంభమైన మహా జీర్ణోద్ధరణలో పాల్గొన్న నిషియోకా త్సునెకజు అనే ఆలయ వడ్రంగి, చెట్టు కొండ మీద ఏ దిక్కుకు ముఖం పెట్టి పెరిగిందో స్తంభాన్ని కూడ ఆ దిక్కుకే నిలపాలని శిష్యులకు బోధించేవాడు. చెట్టును వస్తువుగా గాక ప్రాణిగా చూసిన దృష్టి అది.

అదే దేశంలోని ఇసే మందిరానిది మరొక మార్గం. అక్కడి ప్రధాన మందిరాన్ని ఇరవై ఏండ్లకొకసారి పక్కనున్న స్థలంలో పూర్తిగా కొత్త కొయ్యతో అదే రూపంలో నిర్మిస్తారు. క్రీ.శ. 690లో ఆరంభమైన ఈ ఆచారం, యుద్ధాల కాలంలో నూరేండ్లకు పైగా ఆగిపోయినా, మళ్లీ కొనసాగింది. 2013లో జరిగినది 62వ పునర్నిర్మాణం. తరువాతిది 2033లో జరగవలసి ఉన్నది. చెక్కుచెదరని మందిరాన్ని ఇరవై ఏండ్లకే మార్చడం వృథా అని కొందరికి తోచవచ్చు. కాని, ఆ ఇరవై ఏండ్ల గడువులోనే దాని మర్మం ఉన్నది. ఇరవై ఏండ్ల వయసులో సహాయకుడుగా చేరిన యువకుడు, నలభయ్యవ ఏట నిపుణుడై పని చేస్తాడు, అరవయ్యవ ఏట పెద్దగా ఉండి మరొక యువకునికి నేర్పుతాడు. ఒక్క మనిషి జీవితంలో శిష్యుడు, నిపుణుడు, గురువు అనే మూడు దశలకూ అవకాశం కలుగుతున్నది. పాత మందిరంలోని కొయ్య కూడ వ్యర్థం కాదు. దాని ముఖ్య స్తంభాలు వంతెన వద్ద తోరణాలుగా మారి మరికొంతకాలం సేవ చేస్తాయి. హోర్యూజిలో పాత కొయ్య నిలిచింది. ఇసేలో కొత్త కొయ్య వచ్చింది. రెండు చోట్లా నిలిచినది మాత్రం విద్యయే.

ఇటువంటి చేతులు సిద్ధంగా ఉండడం వల్ల కలిగే మేలు ఏమిటో ఫ్రాన్సు దేశం ఇటీవల ప్రపంచానికి చూపింది. 2019 ఏప్రిల్ 15న పారిస్ నగరంలోని నోత్రదామ్ ప్రార్థనాలయం అగ్నికి గురి అయినది. మధ్యయుగాలనాటి ఓక్ దుంగలతో కూర్చిన పైకప్పు పూర్తిగా దగ్ధమైనది. ఎన్నో వందల చెట్లు పట్టిన ఆ కప్పును ఫ్రెంచివారు 'అడవి' అనే పేరుతోనే పిలిచేవారు. దాని స్థానంలో ఉక్కుతోనో గాజుతోనో కొత్త కప్పు వేయవచ్చునన్న సూచనలు వచ్చినవి. చివరకు 2020లో పూర్వరూపంలోనే కట్టాలని నిర్ణయించినారు. ఫ్రాన్సు అడవుల నుంచి సుమారు 2000 ఓక్ చెట్లను ఎంపిక చేసినారు. కప్పుకు కావలసిన దుంగలను మధ్యయుగపు తీరులో గొడ్డళ్లతో చెక్కినారు. 2024 డిసెంబరులో ఆ ఆలయం తిరిగి తెరుచుకొన్నది.

ఈ కార్యం అయిదున్నర సంవత్సరాలలో ఎలా సాధ్యమైనది? మంట చెలరేగిన తరువాత ఎవరికీ ఈ విద్య నేర్పవలసిన అవసరం రాలేదు. నేర్చినవారు ముందే ఉన్నారు. దేశమంతా తిరుగుతూ వేర్వేరు గురువుల వద్ద పని నేర్చే వృత్తిసంఘాల సంప్రదాయం అక్కడ శతాబ్దాలుగా ఉన్నది. నేల మీద నిజమైన కొలతతో కట్టడపు రేఖాచిత్రం గీసి, దాని మీద దుంగలను పేర్చి, తూకపుగుండుతో గుర్తులు పెట్టి కూర్పులు చెక్కే వారి పద్ధతిని యునెస్కో 2009లో మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. బర్గండీ ప్రాంతంలోని గెడెలోన్ అనే చోట 1997 నుంచి కేవలం 13వ శతాబ్దపు పద్ధతులతో ఒక కోటను కడుతున్నారు. ఇది ఎవరికి ఉపయోగమని అడిగినవారికి నోత్రదామ్ సమాధానం చెప్పింది. అక్కడ చేయి తిరిగిన వడ్రంగులలో కొందరు ఈ పైకప్పు నిర్మాణంలో పాలుపంచుకొన్నారు. అంతేకాదు, 2014లోనే ఇద్దరు వాస్తుశిల్పులు ఆ కప్పును శ్రద్ధగా కొలిచి చిత్రించి ఉంచినారు. మంటలు ఆర్పడానికి నీరు ఎంత అవసరమో, కాలిన దానిని తిరిగి కట్టడానికి ఆ కొలతలూ ఆ చేతులూ అంత అవసరమైనవి.

పరదేశాల మాట అటుంచి మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాను చూద్దాం. పూరీ జగన్నాథుని రథయాత్రకు ఏటా మూడు రథాలను కొత్త కొయ్యతో నిర్మిస్తారు. జగన్నాథుని రథానికి 16, బలభద్రుని రథానికి 14, సుభద్ర రథానికి 12 చక్రాలుంటాయి. అక్షయతృతీయనాడు పని ఆరంభించి యాత్రనాటికి ముగించాలి. ప్రతి సంవత్సరం కట్టవలసి రావడం వల్లనే అక్కడ ప్రతి తరంలోనూ రథకారులు తయారవుతున్నారు. భక్తులకు అది ఉత్సవం. వడ్రంగులకు అది ఏటేటా జరిగే పాఠశాల.

మన కోనసీమలోని అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో దగ్ధమైనది. కొత్త రథాన్ని నిర్మించి, 2021 ఫిబ్రవరిలో జరిగిన ఉత్సవాలకు సిద్ధం చేసినారు. అయిదారు నెలలలో అంత పని పూర్తి కావడం మనకు సంతోషం కలిగించే విషయం. అంటే, మనకు ఇంకా నిపుణులున్నారన్నమాట. అయితే, ఆ సంతోషం వెనుకనే ఒక ప్రశ్న వస్తుంది. మరి నలభై ఏండ్ల తరువాత ఇటువంటి అవసరం కలిగితే ఎవరు చేస్తారు? పూరీలో ఈ ప్రశ్నకు సమాధానం ఏటా లభిస్తున్నది. మనం ఆ ప్రశ్నను ఇంకా గట్టిగా వేసుకోలేదు.

ఇక్కడ కొందరు విజ్ఞులు మూడు ఆక్షేపణలు చెప్పవచ్చు. మూడూ ఆలోచించదగినవే. మొదటిది అడవికి సంబంధించినది. అడవులు తరిగిపోతున్న ఈ రోజులలో కొయ్య ఇండ్లను గూర్చి మాట్లాడడం తగునా? ఇదే భావంతో కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన నిర్మాణాలలో కొయ్య వాడకాన్ని నిషేధించింది. కాని, 2020లో ఆ నిషేధాన్ని తొలగించింది. అందుకు కారణం ఉన్నది. చెట్టు పెరుగుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొయ్యలో నిలువ చేస్తుంది. సిమెంటు తయారీ ఆ వాయువును గాలిలోకి వదులుతుంది. మానవుని వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమ నుంచి వస్తున్నదని అంచనా. అడవిని దోచి కట్టమని ఎవరూ అనరాదు. నాటి, పెంచి, కోసి, మళ్లీ నాటే పద్ధతి కావాలి. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. అరవై ఏండ్లు పెరిగిన టేకుచెట్టుతో చేసిన స్తంభం నూట ఇరవై ఏండ్లు నిలిస్తే, ఆ కాలంలో అదే చోట రెండు చెట్లు పెరుగుతాయి. అదే చెట్టుతో చేసిన సామాను పదేండ్లకే విరిగితే అడవికి అన్యాయం జరిగినట్లే. అడవికి శత్రువు వడ్రంగి కాదు, నాసిరకపు పని. మంచి కూర్పు చెట్టుకు మనం తీర్చవలసిన ఋణం.

రెండవ ఆక్షేపణ ఆధునికతకు సంబంధించినది. ఉక్కు, సిమెంటు చవకగా త్వరగా ఇల్లు సమకూరుస్తుండగా ఈ పాతపద్ధతి ఎందుకు? కోట్ల జనాభాకు ఇండ్లు కావలసిన దేశంలో అందరినీ కొయ్య ఇండ్లు కట్టుకొమ్మనడం అవివేకమే. నేనా మాట అనడం లేదు. అయితే, పాతది అయినంత మాత్రాన శాస్త్రీయం కాదనుకోవడం కూడ అవివేకమే. హిమాచల్ ప్రదేశ్‌లో కొయ్యదూలాలనూ రాతివరుసలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ సున్నమైనా లేకుండా గోడలు కట్టే పద్ధతి ఉన్నది. దానిని కాఠ్‌కుణి అంటారు. ఆ పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట 1905 నాటి కాంగ్రా భూకంపాన్ని తట్టుకొని నిలిచింది. నేల కదిలినప్పుడు ఆ గోడ తానూ కొంత కదిలి ఆ తాకిడిని హరించుకొంటుంది. కదలనిది గొప్పదనీ, కదిలేది బలహీనమనీ మనం అనుకొంటాం. కూర్పులో వంగే గుణం కూడ ఒక బలమేనని ఆ గోడ చెబుతున్నది. మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఇటువంటి కట్టడాలను చరిత్రగా గాక శాస్త్రంగా అభ్యసిస్తే కొత్త కట్టడాలకు కూడ మేలు కలుగుతుంది.

మూడవ ఆక్షేపణ అన్నింటికంటె బలమైనది. ఇది కులవృత్తిగా సాగిన విద్య. పుట్టుకను బట్టి పని, ఆ పనిని బట్టి సంఘంలో స్థానం నిర్ణయించిన కాలంలో ఎందరో నిపుణులు పేదరికంలోనే జీవితం గడిపినారు. తమ పిల్లలు ఉలి వదిలి కలం పట్టాలని వారు కోరుకొన్నారు. ఆ కోరిక న్యాయమైనది. "మీ తాతల విద్య పోతున్నది, తిరిగి రండి" అని ఆ కుటుంబాలను మాత్రమే కోరే హక్కు మనకెవరికీ లేదు. భారమంతా వారి మీద మోపి, గౌరవం మాత్రం సభలలో ప్రకటించడం సరికాదు. అందువల్ల ఈ విద్యను పుట్టుక నుంచి విడదీసి పాఠశాలకు తేవాలి. ఇష్టమున్న వారందరూ, బాలికలతో సహా, నేర్చుకొనేటట్లు చేయాలి. నోత్రదామ్ పైకప్పు కూర్చినవారిలో స్త్రీలు కూడ ఉన్నారు. నేర్పే స్థానంలో మాత్రం తరతరాల అనుభవమున్న వృద్ధ నిపుణులనే, పట్టా లేదన్న సాకు చెప్పకుండా, ఆచార్యులుగా కూర్చోబెట్టాలి. అప్పుడే ఆ కుటుంబాలకు మనం నిజంగా కృతజ్ఞత చూపినట్లవుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేము. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో వడ్రంగం ఒక శిక్షణాంశంగా ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకం గుర్తించిన 18 వృత్తులలో వడ్రంగం, పడవల తయారీ ఉన్నవి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, శిక్షణకాలంలో రోజుకు 500 రూపాయల భృతి, తక్కువ వడ్డీకి ఋణం ఆ పథకంలో ఉన్నవి. ఇవి ఆహ్వానించదగినవి. అయితే, అందులోని ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు. ఉన్నత శిక్షణ సుమారు రెండు వారాలు. చేయి తిరిగిన వానికి కొత్త యంత్రం పరిచయం చేయడానికి ఆ గడువు చాలవచ్చు. కొత్తవాడు ఒక దూలాన్ని చూసి అది ఎటు వంగుతుందో చెప్పగలగడానికి ఏండ్లు పడుతుంది. మొక్కై వంగనిది మానై వంగదని సామెత. ఈ విద్యకు లేతవయసులో మొదలై కొన్నేండ్లు సాగే శిష్యరికం కావాలి. ఆ కాలంలో శిష్యునికి భృతి, గురువుకు వేతనం ఉండాలి.

శిక్షణ ఒక్కటే చాలదు. నేర్చిన చేతికి పని చూపాలి. మన ఆలయాల కొయ్యరథాలు, వాహనాలు, పాత మండపాలు ఎన్నో మరమ్మతులకు ఎదురుచూస్తున్నవి. వాటిని ఇనుపపట్టీలు బిగించి, రంగులు పూసి సరిపెట్టకుండా, శిష్యులు పాల్గొనే పాఠశాలలుగా మార్చవచ్చు. ఒక్కొక్క జిల్లాలో ఒక్క లోగిలినైనా ప్రభుత్వమో గ్రామమో స్వీకరించి, దానిని గ్రంథాలయంగానో సమావేశమందిరంగానో వాడుతూ, అయిదారేండ్లకొకసారి విప్పి సరిచేసే ఏర్పాటు చేయవచ్చు. వాడుకలో ఉన్న ఇల్లే నిలుస్తుంది. తాళం వేసిన ఇంటిని చెదలు ముందు కనిపెడతాయి. కూలిపోక తప్పని ఇండ్లనైనా కూల్చడానికి ముందు కొలిచి, చిత్రించి, ఏ కుసి ఏ బెజ్జంలో ఒదిగి ఉన్నదో నమోదు చేయాలి. పాలిటెక్నిక్, వాస్తుకళాశాలల విద్యార్థులకు ఇంతకంటె మంచి అభ్యాసం మరొకటి ఉండదు.

తెలుగు భాష అభ్యసించేవారికి కూడ ఇందులో భాగం ఉన్నది. వృత్తితో పాటు ఆ వృత్తిలోని మాటలు కూడ కనుమరుగవుతాయి. ఒక రచనను మెరుగుపరచడాన్ని "చిత్రిక పట్టడం" అని సాహిత్యవిమర్శలో వ్రాస్తూ ఉంటాం. చిత్రిక అన్నది కొయ్యను నునుపు చేసే పనిముట్టు అని తెలియని విద్యార్థులు నేడు చాలమంది. కుటుంబానికి ఆధారమైనవానిని "ఇంటికి నిట్రాట" అంటాం. కప్పు నడిమి బరువు మోసే నిలువుకొయ్యను చూసినవానికే ఆ మాటలోని బరువు తెలుస్తుంది. ఇటువంటి ఆపద రాబోతున్నదని గ్రహించి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వృత్తిపదకోశాల నిర్మాణాన్ని చేపట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశం 1962లో వెలువడింది. బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని కూర్చినారు. ఆ పండితులు గ్రంథాలయంలో కూర్చుండి గాక, పని చేసేవారి నోటి నుంచి ఆ పదాలను సేకరించినారు. ఆ పని నేటికీ అసంపూర్ణమే. మీ ఊరిలోని వృద్ధ వడ్రంగిని ఒక పూట కలుసుకొని, అతని పనిముట్ల పేర్లు, కూర్పుల పేర్లు, కొయ్యను ఎంచుకొనే తీరు అడిగి వ్రాసుకొంటే, అది ఏ నిఘంటువులోనూ లేని సంపద కావచ్చు. నేడు మీ చేతిలోని ఫోనుతోనే అతని పనిని చిత్రించవచ్చు, అతని మాటను భద్రపరచవచ్చు.

అయితే, వ్రాసుకొన్న మాట గాని, తీసిన చిత్రం గాని చేతికి బదులు కాజాలవు. అవి దారిగుర్తులు మాత్రమే. ఆ దారిన నడిచేవారు వేరే కావాలి. మీలో అందరూ వడ్రంగులు కానవసరం లేదు. కాని, ఎవరైన ఒకరు ఉలి పట్టదలచుకొంటే, "చదువు రాక ఆ పనిలో చేరినాడు" అని సంఘం అనని రోజు రావాలి. ఇంజనీరు కావడానికి ఎంత బుద్ధి అవసరమో, ఒక దూలాన్ని మరొక దూలంలో మేకు లేకుండా నిలపడానికి కూడ అంత బుద్ధి అవసరమని ఇంటిలో తల్లిదండ్రులూ, కళాశాలలో అధ్యాపకులూ అంగీకరించాలి. ఛేదించడం, పూరించడం అనే రెండర్థాలలో మన కాలం మొదటిదానిని బాగుగా నేర్చింది. అడవిని, ఇంటిని, వృత్తిని, మాటను అన్నింటినీ ఖండించగలిగినాం. ఇక మిగిలినది రెండవది. పెద్దల చేతులలో ఆ విద్య ఇంకా మిగిలి ఉండగానే యువకుల చేతులను వాటికి జోడించడం నేటి కర్తవ్యం. ఆ పని ఈ తరం చేయకపోతే, తరువాతి తరం చేయదలచినా నేర్పేవారు ఉండరు.